గినీ పందుల దగ్గర ఆగిపోయే కథ

జాన్ కేడ్ గురించి ఎక్కడ చదివినా దాదాపు ఒకే కథ కనిపిస్తుంది. ఆస్ట్రేలియాలో, మెల్‌బోర్న్ దగ్గర ఒక మానసిక ఆస్పత్రి. అక్కడ వాడకుండా వదిలేసిన ఒక పాత వంటసామాన్ల గది. అందులో ఒంటరిగా ప్రయోగాలు చేసుకునే ఒక డాక్టర్. ఆయన వెతుకుతున్నది ఒకటి, దొరికింది ఇంకొకటి. లిథియం ఉన్న ద్రావణం ఎక్కిస్తే గినీ పందులు అనుకోకుండా నెమ్మదించాయి. అదే లిథియం మానియాతో, అంటే నిద్ర లేకుండా అదుపు తప్పిన హుషారుతో ఊగిపోతున్న మనుషులకు ఇస్తే వాళ్లూ కుదుటపడ్డారు. 1949లో ఆయన వ్యాసం అచ్చయింది. మానియా, డిప్రెషన్ మార్చిమార్చి వచ్చే బైపోలార్ డిజార్డర్‌కు మందు దొరికింది. కథ అయిపోయింది.

ఇందులో అబద్ధమేమీ లేదు. కానీ ఇది సగం కథ. మిగతా సగంలో మొదటి రోగి చనిపోతాడు. కేడ్ తన మందును తానే పక్కన పెట్టేస్తారు. మన పుస్తకాల్లో పేరు కూడా కనిపించని మరో శాస్త్రవేత్త, రోగుల రక్తంలో లిథియం ఎంత ఉందో కొలవడం మొదలుపెడతారు. డెన్మార్క్‌లో ఇంకో డాక్టర్ విమర్శలు భరించి ఈ మందును నిలబెడతారు. లిథియం నిజంగా మందు అయింది ఆ రెండో సగంలోనే అని నా నమ్మకం. మొదటి సగం మాత్రమే చెప్పుకుంటూ పోవడం వల్ల రోగులకు నష్టం జరుగుతోందని కూడా నమ్ముతున్నాను. అందుకే ఇంత పొడుగ్గా రాస్తున్నాను.

నాకెందుకు ఇంత పట్టింపు అంటే, మా చిన్నాన్న చాలా ఏళ్లుగా లిథియం వేసుకుంటున్నారు. ఆ మాత్ర మా ఇంటికి తెచ్చిన నెమ్మది ఎలాంటిదో నాకు తెలుసు. అది లేని రోజులు ఎలా ఉంటాయో కూడా తెలుసు.

కేడ్ 1912 జనవరి 18న విక్టోరియా రాష్ట్రంలోని ముర్టోవా అనే చిన్న ఊళ్లో పుట్టారు. తండ్రి డేవిడ్ కేడ్ డాక్టర్. మొదటి ప్రపంచ యుద్ధంలో పనిచేసి, లోపల చాలా దెబ్బతిని తిరిగి వచ్చారు. సొంత ప్రాక్టీసు నడపడం ఆయనకు ఇక కష్టమైంది. దాన్ని వదులుకుని ప్రభుత్వ మానసిక ఆస్పత్రుల్లో ఉద్యోగంలో చేరారు. ఆ రోజుల్లో డాక్టర్ల కుటుంబాలు ఆస్పత్రి ఆవరణలోనే ఉండేవి. కాబట్టి జాన్, ఆయన సోదరులు సన్‌బరీ, బీచ్‌వర్త్, మాంట్ పార్క్ ఆస్పత్రుల్లో రోగుల మధ్యే పెరిగారు. గోడ అవతల ఉండే 'పిచ్చివాళ్ల'ను చూసి భయపడే వయసులో ఈ పిల్లవాడికి వాళ్లు రోజూ కనిపించే మనుషులు. యుద్ధం నుంచి వచ్చిన తండ్రి మనసు కూడా అంత బాగా లేదన్నది ఇంట్లో అందరికీ తెలిసిన విషయమే. కేడ్ జీవితంలో నన్ను మొదట పట్టుకున్నది ఇదే. అదృష్టం ఆయన తలుపు తట్టడానికి చాలా ముందే, పిచ్చి పట్టిన మనిషి కూడా ఒంట్లో ఏదో తేడా చేసిన రోగే అని నమ్మడానికి కావలసిన చనువు ఆయనకు వచ్చేసింది.

మెల్‌బోర్న్ విశ్వవిద్యాలయంలో వైద్యం చదివారు. చదువైన కొద్ది కాలానికే న్యుమోనియా వచ్చి చావు అంచుదాకా వెళ్లారు. యాంటీబయాటిక్స్ ఇంకా రాని రోజులు. అప్పుడు ఆయనకు సేవ చేసిన నర్సు జీన్‌నే 1937లో పెళ్లి చేసుకున్నారు. యుద్ధం వచ్చింది. సైన్యంలో డాక్టర్‌గా సింగపూర్ వెళ్లారు. 1942 ఫిబ్రవరిలో సింగపూర్ జపాన్ చేతికి చిక్కింది. ఆ తర్వాత మూడున్నరేళ్లు చాంగీ యుద్ధఖైదీల శిబిరంలో గడిచాయి.

చాంగీలో మనసు చెదిరిన సైనికులను చూసుకునే పని ఆయన మీద పడింది. తిండి లేదు, విటమిన్లు లేవు, మందులు లేవు. ఒంట్లో ఒక పోషకం తగ్గితే మనిషి ప్రవర్తనే మారిపోవడం ఆయన కళ్లారా చూశారు. మానసిక రోగాల వెనక శరీరంలోని రసాయనాలు ఉండి ఉంటాయన్న ఆలోచన అక్కడ గట్టిపడింది. ఈ రోజు మనకు ఇది మామూలు మాటగా అనిపిస్తుంది. ఆ రోజుల్లో మానసిక వైద్యంలో ఒక పెద్ద వర్గానికి రోగానికి మూలం బాల్యంలోనో, అణచుకున్న కోరికల్లోనో ఉండేది. ఇంకో వర్గానికి అసలు కారణం అక్కర్లేదు, రోగి గొడవ చేయకుండా ఉంటే చాలు.

1945లో బక్కచిక్కి ఇంటికి చేరిన కేడ్, మెల్‌బోర్న్ దగ్గరి బుండూరాలో మాజీ సైనికుల మానసిక ఆస్పత్రిలో ఉద్యోగంలో చేరారు. ఆయన మనసులో ఉన్న ఊహ ఇది. థైరాయిడ్ హార్మోన్ ఎక్కువైతే మనిషి కంగారుగా, నిద్ర లేకుండా, ఉరుకులు పరుగులుగా తయారవుతాడు. తక్కువైతే మందకొడిగా అయిపోతాడు. మానియా, డిప్రెషన్ కూడా ఇలాగే ఎందుకు కాకూడదు? ఒంట్లో ఏదో ఒక పదార్థం ఎక్కువైతే మానియా, తక్కువైతే డిప్రెషన్. ఎక్కువైన పదార్థం మూత్రంలో బయటికి రావాలి కదా. కాబట్టి మానియా రోగుల మూత్రంలో అది దొరకాలి.

ప్రయోగశాల లేదు, సహాయకులు లేరు, డబ్బు లేదు. రోగుల మూత్రం సీసాల్లో పట్టి ఇంటికి తెచ్చి, ఇంట్లో వాళ్లు పాలూ కూరగాయలూ పెట్టుకునే ఫ్రిజ్‌లోనే దాచేవారు. దాన్ని గినీ పందుల పొట్టలోకి ఇంజెక్షన్ చేసేవారు. మానియా ఉన్నవాళ్లది, డిప్రెషన్ ఉన్నవాళ్లది, స్కిజోఫ్రీనియా ఉన్నవాళ్లది, ఏ రోగమూ లేనివాళ్లది, అన్నీ విడివిడిగా పరీక్షించారు. ఎవరి మూత్రం ఎక్కించినా, మోతాదు పెరిగితే గినీ పందులు చచ్చిపోయేవి. అయితే కొందరు మానియా రోగుల మూత్రం తక్కువ మోతాదులోనే చంపేస్తున్నట్టు కనిపించింది.

చంపుతున్నది యూరియా అని తేలింది. కానీ మానియా రోగుల మూత్రంలో యూరియా మిగతావాళ్ల కంటే ఎక్కువేమీ లేదు. అంటే యూరియా విషాన్ని పెంచేది ఇంకేదో ఉండాలి. యూరిక్ యాసిడ్ మీద అనుమానం వచ్చింది. చిక్కేమిటంటే యూరిక్ యాసిడ్ నీళ్లలో సరిగా కరగదు. దాని లవణాలన్నిటిలో బాగా కరిగేది లిథియం యూరేట్. ఈ సంగతి కొత్తది కూడా కాదు. పందొమ్మిదో శతాబ్దంలోనే, గౌట్ రోగుల కీళ్లలో పేరుకునే యూరిక్ యాసిడ్‌ను కరిగిస్తుందన్న ఆశతో లండన్‌లో ఆల్ఫ్రెడ్ గారడ్ అనే వైద్యుడు లిథియం వాడారు. అలా కేవలం కరుగుతుందన్న కారణంతో కేడ్ బల్ల మీదికి లిథియం వచ్చింది.

యూరియాతో పాటు లిథియం యూరేట్ ఎక్కిస్తే విషం పెరగాలి. తగ్గింది. ఇక్కడ చాలామంది ఏం చేస్తారు? ప్రయోగం చెడిందనుకుని సీసా పారబోస్తారు. కేడ్ యూరేట్‌ను తీసేసి, ఒక్క లిథియం కార్బొనేట్ ద్రావణాన్ని విడిగా ఎక్కించి చూశారు. సుమారు రెండు గంటల తర్వాత గినీ పందులు మెలకువగానే ఉన్నాయి కానీ మందకొడిగా, దేనికీ స్పందించకుండా అయిపోయాయి. వెల్లకిలా పడుకోబెడితే మామూలుగా గింజుకునే జంతువులు అలాగే చూస్తూ పడి ఉన్నాయి. గంటో రెండు గంటలో గడిచాక మళ్లీ ఎప్పటిలా బెదురుతూ తిరగడం మొదలుపెట్టాయి.

ప్రసిద్ధమైన ఆ యాదృచ్ఛిక క్షణం ఇదే. దీని మీద వచ్చిన గట్టి విమర్శ కూడా చెప్పాలి, ఎందుకంటే అది చాలావరకు సరైనదే. ఆ గినీ పందులు ప్రశాంతంగా లేవు, లిథియం మోతాదు ఎక్కువై విషం తలకెక్కి నీరసించి ఉంటాయని తర్వాతివాళ్లు అన్నారు. నాకూ అలాగే అనిపిస్తుంది. మూత్రంలో మానియా విషం ఉందన్న ఊహ కూడా నిలబడలేదు. అంటే తప్పు ఊహతో బయలుదేరి, జంతువుల్లో కనిపించినదాన్ని బహుశా తప్పుగా అర్థం చేసుకుని, కేడ్ సరైన చోటికి చేరారు. ఇంతకంటే పెద్ద అదృష్టం ఏముంటుంది అని అడిగేవాళ్లకు నేను అడ్డు చెప్పను. అక్కడివరకు అదృష్టమే. నేను అడిగేది వేరు. అదృష్టం చేతికి ఇచ్చినదాన్ని పట్టుకుని ఆయన తర్వాత ఏం చేశారు?

మొదట తానే మింగి చూశారు. ప్రాణానికేమీ కాలేదని తెలిశాక రోగులకు మొదలుపెట్టారు. మానియా ఉన్నవాళ్లు పదిమంది, స్కిజోఫ్రీనియా ఉన్నవాళ్లు ఆరుగురు, దీర్ఘకాలంగా డిప్రెషన్‌తో ఉన్నవాళ్లు ముగ్గురు. మానియా ఉన్న పదిమందీ బాగుపడ్డారు. ఈ ముక్కే అందరూ చెప్పుకుంటారు. నాకు మాత్రం ఆ వ్యాసంలో అన్నిటికంటే విలువైనవి మిగతా తొమ్మిదిమంది గురించిన మాటలు. స్కిజోఫ్రీనియా ఉన్నవాళ్లలో కొందరి అలజడి తగ్గింది కానీ అసలు రోగం మారలేదు. డిప్రెషన్‌లో ఉన్నవాళ్లకు ఉపయోగం కనిపించలేదు. ఈ ఫలితాలను దాచకుండా రాశారు. ఇది ఉత్త మత్తుమందే అయితే అందరినీ ఒకేలా పడుకోబెట్టాలి. మానియా మీద మాత్రమే ప్రత్యేకంగా పనిచేస్తోందంటే, మానియా అనేది విడిగా గుర్తించదగిన ఒక రోగం, దాని మూలం శరీరంలో ఉంది. పనిచేయని చోట కూడా ఇచ్చి చూడటం, పనిచేయలేదని రాయడం యాదృచ్ఛికంగా జరిగే పనులు కావు. గినీ పందుల కథలో వీటికి చోటే ఉండదు.

ఆ పదిమందిలో మొదటివాడిని వ్యాసంలో డబ్ల్యు.బి. అన్న పొడి అక్షరాలతో రాశారు. వయసు 51. ఐదేళ్లుగా ఆగని మానియా. నిలకడ లేదు, శుభ్రత లేదు, చేతికందినవి పాడుచేయడం, అందరి పనుల్లో తలదూర్చడం. బతుకంతా ఆస్పత్రి వెనక వార్డులోనే గడిచిపోతుందని అందరూ అనుకున్న మనిషి. 1948 మార్చి 29న ఆయనకు లిథియం మొదలుపెట్టారు. నాలుగైదు రోజుల్లోనే తేడా కనిపించింది. మూడు వారాలకు కోలుకునేవాళ్ల వార్డుకు మారారు. జులై 9న ఇంటికి వెళ్లారు, పాత ఉద్యోగంలో చేరారు. ఐదేళ్లు పోగొట్టుకున్న మనిషికి జీతం, ఇల్లు, పేరు మళ్లీ దక్కాయి.

ఆ రోజుల్లో ఇలాంటి రోగికి ఇంకేం దొరికేదో గుర్తు చేసుకుంటే దీని విలువ తెలుస్తుంది. విద్యుత్ షాకులు, ఇన్సులిన్‌తో కోమాలోకి పంపడం, మెదడు ముందు భాగంలో నరాలను కోసేసే లోబాటమీ. కేడ్ వ్యాసం మెడికల్ జర్నల్ ఆఫ్ ఆస్ట్రేలియాలో అచ్చయింది 1949 సెప్టెంబర్ 3న. అదే ఏడాది వైద్యశాస్త్రంలో నోబెల్ బహుమతి అందుకున్నవాళ్లలో ఒకరు ఎగాస్ మోనిజ్. దేనికంటే, ఆ లోబాటమీకి. ఈ రెండు విషయాలనూ పక్కపక్కన పెట్టి చూసిన ప్రతిసారీ నాకు మనసు కలుక్కుమంటుంది. మెదడును కోసే పద్ధతికి ప్రపంచంలోనే పెద్ద గౌరవం దక్కింది. కోయకుండా మనిషిని ఇంటికి పంపిన లవణానికి ఒక ప్రాంతీయ పత్రికలో కొన్ని పేజీలు దక్కాయి.

ఇక్కడితో ఆపేస్తే ఎంత అందంగా ఉంటుందో. చాలామంది ఆపేస్తారు కూడా.

డబ్ల్యు.బి. మందు మానేశారు. ఆరు నెలలకే మళ్లీ మానియాతో ఆస్పత్రికి వచ్చారు. మళ్లీ లిథియం మొదలుపెట్టారు. ఈసారి విషలక్షణాలు కనిపించాయి. ఆపితే మానియా, ఇస్తే విషం. ఆపడం, మొదలుపెట్టడం, మళ్లీ ఆపడం. ఎంత ఇస్తే చాలు, ఎంత దాటితే ప్రమాదం అన్నది తెలుసుకోవడానికి కేడ్ దగ్గర కళ్లు తప్ప వేరే సాధనం లేదు. వాంతులు, చేతుల వణుకు చూసి అంచనా వేయడమే. 1950 మే 23న డబ్ల్యు.బి. లిథియం విషప్రభావంతో చనిపోయారు.

మా చిన్నాన్న కూడా ఒకసారి మందు మానేశారు. "బాగానే ఉన్నానుగా, ఇంకా ఎందుకురా ఇది?" అన్నారు. ఇంట్లో ఎవరమూ గట్టిగా కాదనలేదు, ఎందుకంటే ఆయన నిజంగానే బాగున్నారు. కొన్ని నెలలకు నిద్ర పోయింది. అర్ధరాత్రి ఫోన్లు, ఎవరికీ అర్థం కాని వ్యాపార ఆలోచనలు, అడ్డు చెప్పిన పిన్ని మీద అరుపులు, చివరికి ఆస్పత్రి. డబ్ల్యు.బి. ఎందుకు మానేశారో నాకు తెలిసినట్టే అనిపించడానికి కారణం ఇది. మందు బాగా పనిచేస్తే మందు అవసరం లేదనిపిస్తుంది. ఈ చిక్కు 1948లోనే, మొదటి రోగిలోనే బయటపడింది. మందు రాసిచ్చే ప్రతిచోటా ఈ మాట ముందే చెప్పి ఉంటే, మాతో సహా ఎన్ని ఇళ్లలో ఎంత టెన్షన్ తప్పేదో.

అమెరికాలో ఇదే కాలంలో ఇంకో విషాదం జరిగింది. గుండె, కిడ్నీ జబ్బులున్నవాళ్లు ఉప్పు తినకూడదు కాబట్టి, వాళ్లకు ఉప్పుకు బదులుగా లిథియం క్లోరైడ్ అమ్మారు. రుచి ఉప్పులాగే ఉంటుంది. కొందరు చనిపోయారు, చాలామందికి విషలక్షణాలు వచ్చాయి. 1949 తొలి నెలల్లోనే ఆ ఉప్పును మార్కెట్ నుంచి తీసేశారు. దీని వెనకున్న కారణం తెలుసుకోవడం లిథియం వేసుకునే ప్రతి ఒక్కరికీ అవసరం. మన కిడ్నీలు లిథియాన్ని, ఉప్పులో ఉండే సోడియం లాగే చూస్తాయి. ఒంట్లో సోడియం తగ్గితే, ఉన్నదాన్ని కాపాడుకోవాలని కిడ్నీలు సోడియాన్ని వెనక్కి లాక్కుంటాయి. దాంతోపాటు లిథియాన్ని కూడా లాక్కుంటాయి. అది బయటికి పోదు, రక్తంలో పేరుకుంటుంది. ఉప్పు మానేసిన గుండె రోగికి లిథియం ఇవ్వడమంటే, దాన్ని బయటికి పంపలేని మనిషిని ఏరికోరి వెతికి ఇచ్చినట్టు. ఇప్పటికీ ఇదే సూత్రం. వాంతులు, విరేచనాలు, విపరీతమైన చెమట, ఉప్పు పూర్తిగా మానేయడం, మూత్రం ఎక్కువయ్యేలా చేసే బీపీ మాత్రలు, ఐబుప్రోఫెన్ లాంటి నొప్పి మాత్రలు, వీటిలో ఏదైనా రక్తంలో లిథియాన్ని పెంచగలదు.

ఈ అమెరికా మరణాల వార్తలతో లిథియం పేరు చెబితేనే డాక్టర్లు భయపడే పరిస్థితి వచ్చింది. కేడ్ వ్యాసం బయటికొచ్చింది సరిగ్గా ఆ భయం మధ్యలో. ఆ మరుసటి ఏడాది తన మొదటి రోగి తన చేతుల్లోనే పోయారు. కేడ్ లిథియం వాడటం ఆపేశారు.

కొందరు రచయితలు ఈ భాగాన్ని ఒక వాక్యంలో దాటేస్తారు, అదేదో వీరుడి కథకు మచ్చ అన్నట్టు. నాకు అది మచ్చలా కనిపించదు. తాను కనిపెట్టినదాన్ని సమర్థించుకోవడానికి మనిషి ఎంత దూరమైనా వెళ్తాడు. మోనిజ్ పద్ధతిని పట్టుకున్నవాళ్లు వేలమంది మెదళ్లు కోసుకుంటూ వెళ్లారు. కేడ్ ఒక మరణం చూసి ఆగారు. మోతాదు ఎంతో తెలియకుండా ఇవ్వడం తప్పని ఆగారు. ఆగడం తప్పనిసరి అయిన చోట ఆగిన డాక్టర్‌గా కూడా ఆయన్ను గుర్తుపెట్టుకోవాలి.

కేడ్‌కు లేని సాధనాన్ని తెచ్చినవాడు ఎడ్వర్డ్ ట్రాట్నర్. జర్మనీ నుంచి వచ్చి మెల్‌బోర్న్ విశ్వవిద్యాలయంలో ఫిజియాలజీ విభాగంలో పనిచేస్తున్నారు. అప్పుడే ఫ్లేమ్ ఫోటోమీటర్ అనే పరికరం ప్రయోగశాలల్లోకి వస్తోంది. రక్తం నమూనాను మంటలోకి పంపితే ఒక్కో లోహం ఒక్కో రంగు కాంతినిస్తుంది, లిథియం ఎర్రగా వెలుగుతుంది, ఆ వెలుగును బట్టి ఎంతుందో చెప్పొచ్చు. ట్రాట్నర్, మాంట్ పార్క్ ఆస్పత్రిలో పనిచేసే చార్లెస్ నోక్ కలిసి వందమందికి పైగా రోగులకు లిథియం ఇచ్చి, రక్తంలో దాని స్థాయిని గమనిస్తూ, 1951లో ఫలితాలు ప్రచురించారు. లిథియం విషం వల్ల వాళ్ల రోగుల్లో ఎవరూ చనిపోలేదు.

మాంట్ పార్క్ అంటే కేడ్ చిన్నప్పుడు తిరిగిన ఆవరణల్లో ఒకటి. అక్కడే ఆయన మందు సురక్షితమైంది. అయినా ట్రాట్నర్ పేరు ఎంతమంది విని ఉంటారు? కొలవడం అనే పనిలో కథకు పనికొచ్చే క్షణం ఉండదు. రక్తం తీయడం, అంకె రాసుకోవడం, మోతాదు మార్చడం, మళ్లీ రక్తం తీయడం. కానీ 'పనిచేసే విషం'గా ఉన్న లిథియం 'మందు'గా మారింది సరిగ్గా ఆ పనివల్లే. ఈ రోజు మామూలుగా లీటరు రక్తానికి 0.6 నుంచి 1.0 మిల్లీమోల్ మధ్య ఉండేలా చూస్తారు. 1.5 దాటితే విషలక్షణాలు మొదలవుతాయి, 2 దాటితే ప్రాణం మీదికి రావచ్చు. మేలుకూ చావుకూ మధ్య ఇంత సన్నని సందు ఉన్న మందు ఇది. ఆ సందులో నడవడానికి దారి వేసింది గినీ పందులు కాదు.

తర్వాతి భాగం డెన్మార్క్‌ది. మోగెన్స్ షౌ తండ్రి మానసిక వైద్యుడు, తమ్ముడికి మళ్లీమళ్లీ వచ్చే డిప్రెషన్. 1954లో షౌ, ఆయన సహచరులు లిథియం మాత్రను, మందు లేని ఉత్తుత్తి మాత్రతో పోల్చి చూశారు. మానసిక వైద్యంలో అలాంటి పరీక్ష చాలా కొత్త. ఆపైన ఇంకో పెద్ద ప్రశ్న వేసుకున్నారు. వచ్చిన మానియాను తగ్గించడం సరే, అసలు రాకుండా ఆపగలదా? పౌల్ క్రిస్టియన్ బాస్ట్రప్‌తో కలిసి ఏళ్లతరబడి రోగులను గమనించి, 1967లో ఆపగలదని రాశారు. 1968లో లండన్ డాక్టర్లు బారీ బ్లాక్‌వెల్, మైకేల్ షెపర్డ్ లాన్సెట్ పత్రికలో ఇదంతా ఒక భ్రమేమోనని గట్టిగా ప్రశ్నించారు. మాటలు కటువుగా ఉన్నా, వాళ్లు అడిగింది న్యాయమే. రోగికీ డాక్టర్‌కూ ఏ మాత్రలో ఏముందో తెలియని పరీక్ష ఏది అని. షౌ బృందం ఆ పరీక్ష కూడా చేసి 1970లో చూపించింది. షౌ తమ్ముడు లిథియంతోనే నిలదొక్కుకున్నారు. అమెరికాలో మానియాకు లిథియం వాడటానికి అధికారిక అనుమతి వచ్చింది కూడా 1970లోనే. కేడ్ మొదటి రోగికి మందు ఇచ్చిన 22 ఏళ్లకు.

ఇంత ఆలస్యానికి భయం ఒక్కటే కారణం కాదు. లిథియం ఒక మూలకం. భూమిలో దొరుకుతుంది, ఎవరి సొంతమూ కాదు, పేటెంట్ రాదు. చవకగా తయారయ్యే లవణం కోసం డబ్బు పోసి ప్రచారం చేసే కంపెనీ ఉండదు. దానికోసం నిలబడాల్సింది డాక్టర్లే, ఇంట్లో రోగిని చూసినవాళ్లే. షౌ రెండూ అయ్యారు.

కథ సగంలో ఆపితే నష్టమేమిటని మొదట్లో అన్నానే, దానికి వస్తాను. 1880ల్లోనే డెన్మార్క్‌లో కార్ల్ లాంగే అనే వైద్యుడు డిప్రెషన్ రోగులకు లిథియం ఇచ్చి మేలు కనిపించిందని రాశారు. ఆయన తమ్ముడు ఫ్రిట్జ్ కూడా వాడారు. వాళ్ల సిద్ధాంతమూ యూరిక్ యాసిడ్ చుట్టూ తిరిగిందే, అదీ తప్పే. కానీ ఆ పని అక్కడే ఆగిపోయింది, అందరూ మర్చిపోయారు. అంటే లిథియం మనసు మీద పనిచేస్తుందన్న సంగతి కేడ్ కంటే అరవై ఏళ్ల ముందే ఒకసారి దొరికి, చేజారిపోయింది. దొరకడం ఒక్కటే గొప్పదైతే మనం లాంగేలను తలుచుకోవాలి. కేడ్ దొరికినదాన్ని పేరుపేరునా రోగులతో సహా రాసిపెట్టారు కాబట్టి ట్రాట్నర్ కొలవగలిగారు, షౌ పరీక్షించగలిగారు. రాసిపెట్టినదాంట్లో పనిచేయనిది, వికటించినది కూడా ఉంది కాబట్టే వాళ్లకు ఎక్కడ జాగ్రత్తపడాలో తెలిసింది.

ఇక రోగుల సంగతి. లిథియం అంటే ఎవరో ఏదో చేస్తుంటే అనుకోకుండా తగిలిన మందు అని మాత్రమే తెలిసినవాళ్లకు రక్త పరీక్ష ఒక తలనొప్పిలా కనిపిస్తుంది. మా ఇంట్లోనూ అలాగే ఉండేది. చిన్నాన్నకు మందు రాసిచ్చినచోట "అప్పుడప్పుడు టెస్ట్ చేయించండి" అన్నారు. ఎందుకో చెప్పలేదు. ఎండాకాలంలో నీళ్లు ఎక్కువ తాగమని గానీ, మోకాళ్ల నొప్పికి దుకాణంలో దొరికే మాత్ర వేసుకోవద్దని గానీ ఎవరూ చెప్పలేదు. థైరాయిడ్, కిడ్నీలు కూడా చూపించుకుంటూ ఉండాలని చాలా ఆలస్యంగా తెలిసింది. డబ్ల్యు.బి. గురించి చదివాక, ఆ చీటీ మీది అంకెకు వెనక ఒక మనిషి ప్రాణం ఉందని నేను చెబితే, చిన్నాన్న ఆ పూటే పరీక్షకు వెళ్లారు. భయపెట్టి పంపలేదు. కారణం చెప్పాను, అంతే. ఆయన చదువుకున్న మనిషి, కారణం చెబితే వింటారు. చెప్పాల్సినవాళ్లు చెప్పకపోవడమే నాకు కోపం.

రక్త పరీక్షలు అందుబాటులోకి వచ్చాక కేడ్ మళ్లీ లిథియం వైపు వచ్చారు. 1952 నుంచి 1977 దాకా మెల్‌బోర్న్‌లోని రాయల్ పార్క్ మానసిక ఆస్పత్రికి అధిపతిగా ఉన్నారు. రుబిడియం, సీజియం, స్ట్రాన్షియం లాంటి ఇతర లోహాల మీద కూడా ప్రయోగాలు చేశారు. వాటిలో ఏదీ లిథియం కాలేదు. 1974లో షౌతో కలిసి మానసిక వైద్యంలో ఒక పెద్ద అంతర్జాతీయ పురస్కారం అందుకున్నారు. 1980 నవంబర్ 16న కన్నుమూశారు. తన గురించి చెప్పుకోవాల్సి వచ్చినప్పుడు, పరిశోధనలో శిక్షణ లేకుండా, చెప్పుకోదగ్గ పరికరాలు లేకుండా, ఓ మూల ఆస్పత్రిలో ఒంటరిగా పనిచేసిన పేరులేని డాక్టర్‌ననే అన్నారు. ఒంటరిగా అన్న మాట ఒక్కటీ నేను ఒప్పుకోను. బుండూరాలో ఆయనతో పాటు ఆ పందొమ్మిదిమంది రోగులున్నారు. వాళ్లలో ఒకరు ఐదేళ్ల మానియా నుంచి లేచి ఇంటికి వెళ్లి, తిరిగి వచ్చి, తన చావుతో ఆ మందుకు హద్దు ఎక్కడుందో చూపించారు. లిథియం కనిపెట్టినవాళ్ల పేర్లు రాసేటప్పుడు కేడ్, ట్రాట్నర్, నోక్, షౌ, బాస్ట్రప్‌ల పక్కన డబ్ల్యు.బి. పేరు కూడా రాయాలి.